చీటీ తీసి కొన్న తూటాలు

మా మామ చీటీ తీయకుండా ఏ పనీ చేసేవాడు కాదు. బోరు ఎక్కడ వేయాలి, ఏ ఆవును అమ్మాలి, పెద్దకొడుకుని చదివించాలా మాన్పించాలా, అన్నీ దేవుణ్ణి అడిగే చేసేవాడు. అడగడమంటే మోకరించి ప్రార్థన చేసి, కాగితం ముక్కల మీద రాసి, మడిచి, కలిపి, ఒకటి తీయడం. నన్ను కోడలిగా తెచ్చుకున్నదీ అట్లాగే. రెండు ఊర్ల పేర్లు రాసి తీస్తే గూడూరు వచ్చిందట. ఆ రెండో ఊరు ఏదో నాకు ఇప్పటివరకూ ఎవరూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఆ ఊరి పిల్ల ఎక్కడ ఎంత సుఖంగా ఉందోనని అప్పుడప్పుడూ అనుకునేదాన్ని.

నేను దీన్ని ఎగతాళిగా రాయడం లేదు. మా నాయన గూడూరు పక్కన ఒక సంఘానికి ఉపదేశి. రోజూ ఒక అధ్యాయం ఒప్పజెప్పందే మాకు రాత్రి అన్నం పెట్టనిచ్చేవాడు కాదు. తప్పిన రోజు ఖాళీ కడుపుతో పడుకున్నాం, అంతే. కాబట్టి వాక్యం నాకు బాగానే తెలుసు. చీటీలు వేసిన భక్తులు అందులో ఉన్నారు. పరిశుద్ధాత్మ దిగివచ్చిన తర్వాత మాత్రం ఎవరూ వేసినట్టు కనపడదు. అయినా విశ్వాసంతో వేస్తే దేవుడు కోప్పడడనే నా నమ్మకం. వేసినవాడు వచ్చిన జవాబుకు లోబడాలి. అదొక్కటే షరతు.

మా ఊరు పలమనేరు నుంచి లోపలికి, తారురోడ్డు ఆగిపోయే చోట ఉంది. మా పొలం చివరి గట్టు దాటితే అడవే. మామిడి తోపు, దాని పక్కన చెనిక్కాయ (వేరుశెనగ) చేను, రెంటికీ నడుమ ఒక పెద్ద పనసచెట్టు. పందులు చెనిక్కాయలకు వచ్చేవి, ఎలుగులు పండ్లకు వచ్చేవి, ఏనుగులు దేనికి వస్తాయో వాటికే తెలియాలి. మా మామకు వాళ్ళ నాయన కాలం నుంచి సంక్రమించిన లైసెన్సు తుపాకీ ఉండేది, రెండు గొట్టాలది. పంట కాపలాకని ఇచ్చిన లైసెన్సు. పేల్చి బెదిరించడం వరకే. అడవి జంతువును చంపితే కేసు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఏడాదికి రెండు మూడుసార్లు మా ఇంటి నుంచి మోదుగాకుల్లో చుట్టిన దుప్పి మాంసం సంఘ పెద్దల ఇళ్ళకు పోతుందని కూడా అందరికీ తెలుసు. మా మామ కూడా ఒక సంఘ పెద్దే. అధికారులకు లోబడమని ఆదివారం చదివి వినిపించిన నోటితోనే సోమవారం ఆ మాంసం తినేవాళ్ళు. వండేది నేనే.

మా ఆయన పాల వ్యాను నడుపుతాడు. తెల్లవారకముందే చిత్తూరుకు బయల్దేరిపోతాడు. అందుకని చేని కాపలా మా మరిది మీద పడింది. అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్ళు. సంఘంలో డోలక్ వాయించేవాడు. పాడితే గొంతు అందరికంటే పైన వినిపించేది. మా అత్త అతని చిన్నప్పుడే పోయింది. నేను ఆ ఇంటికి వచ్చినప్పుడు నిక్కర్లు వేసుకుని తిరిగేవాడు. మా మామ అతన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ‘పిరికిగొడ్డు’ అనేవాడు. పదిమందిలో ఉన్నప్పుడు ఆ మాట ఇంకాస్త గట్టిగా అనేవాడు. ఆ పదిమందీ నవ్వేవాళ్ళు. మరిదీ నవ్వేవాడు, అలవాటైపోయి.

నాలుగేళ్ళ కిందట అతనికి నగరిలో సంబంధం కుదిరింది. మరమగ్గాలు ఉన్న ఇల్లు, అక్కడి సంఘంలో పేరున్నవాళ్ళు. మాట ఖాయం చేసుకున్న రోజు, ప్రధానం విందు మా ఇంట్లో జరగాలని నిర్ణయించాక, పెళ్ళికూతురి నాయన ఆకువక్క నములుతూ అన్నాడు.

“అడివి పక్కన కాపరం ఉండి మాకు కోడికూర పెడతారా ఏంది బావా?”

అందరూ నవ్వారు. మా మామ నవ్వలేదు. ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. “దుప్పి పెడతాను. తినలేక ఒదిలిపెట్టి పోవాల మీరు” అన్నాడు.

అదే వారం మరిది పొలం నుంచి వచ్చి చెప్పాడు. పనసచెట్టు బోదె మీద గోళ్ళ గాట్లు పడ్డాయని, గట్టు మీది చెదపుట్టను ఎవరో గడ్డపారతో తవ్వినట్టు తవ్వేశారని.

“ఎలుగొడ్డు నాయనా. పిల్లను యీపున ఏసుకోని తిరగతా ఉండాది. ఈ తూరి బాల్ తూటాలు తెచ్చుకుందాం.”

“దుప్పికి బాల్ ఎందుకురా?”

“దుప్పికి గాదు. నాకు.”

చిత్తూరులో తూటాలు అమ్మే దుకాణానికి ముగ్గురం కలిసి వెళ్ళాం. నాకు ఆ రోజు ఆ ఊళ్ళోనే పన్ను పీకించుకునే పని ఉండింది. పీకించుకుని, నోట్లో దూది కుక్కుకుని, బుగ్గ పట్టుకుని దుకాణంలో ఒక స్టూలు మీద కూర్చున్నాను. దుకాణం సాయిబుకు అరవై దాటి ఉంటాయి. మా మామ లైసెన్సు పుస్తకం తిప్పి చూశాడు.

“నీకు ఈ సంవత్సరానికి ఒక్క పెట్టెనే మిగిలుండాదప్పా. పెట్టె యిప్పి ఆ నాలుగు ఈ నాలుగు ఇచ్చేది లేదు. ఎల్జీ కావల్నా, బాల్ కావల్నా?”

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. రెండూ ఒకే తుపాకీలో పట్టే తూటాలే, పైకి ఒకే రకంగా ఉంటాయి. ఎల్జీ తూటాలో బఠానీ గింజలంత సీసపు గుళ్ళు కొన్ని ఉంటాయి. పేలిస్తే చెదిరి వెళ్తాయి. ఏదో ఒకటి తగులుతుంది. పందికి, దుప్పికి అది చాలు. బాల్ తూటాలో గుళ్ళు ఉండవు, చిన్న ఉసిరికాయంత గుండు ఒక్కటే ఉంటుంది. గురి తప్పితే ఏమీ లేదు. తగిలితే మాత్రం ఎముక విరిచి లోపలికి పోతుంది.

మరిది అడిగాడు. “ఎలుగొడ్డుకు ఎల్జీ పనిచేస్తాదా భాయ్?”

“ఎందుకు చెయ్యదు? దానికి గోకినట్టుంటాది. అదీ తిరిగొచ్చి నిన్ను గోకతాది.” సాయిబు తన మాటకు తనే నవ్వుకున్నాడు. “జానెడు బొచ్చు, దాని కింద కొవ్వు. గింజలు ఆడనే కూసుంటాయి రా అబ్బా. ఎలుగుకి బాలే.”

“సన్నకాళ్ళ దాన్ని బాల్‌తో కొడితే?” మా మామ గొంతు తగ్గించాడు.

“పందిని గదా నువ్వు చెప్పేది?” సాయిబు కన్ను గీటాడు. “తగిలితే సగం మాంసం చెడతాది. మీవోడు కాలిస్తే తగలను గూడా తగలదు. ఎల్జీ అయితే ఎవురు కాల్చినా ఒక గింజన్నా తగల్తాది.”

మరిది గోడ మీద గొలుసు వేసి ఉంచిన రైఫిలు వంక చూస్తున్నాడు. “దానికయితే?”

“దానికి ఈ తంటా లేదు. ఒకటే రకం తూటా. దుప్పికీ అదే, ఎలుగుకీ అదే. దూరం నుంచే పండబెడతాది. మీ నాయన లైసెన్సుకు అది రాదు. సూడు, ఊరికే సూడు. సూసేదానికి లైసెన్సు అక్కర్లే.”

దుకాణంలో ఇంకో ఇద్దరు ఉన్నారు, వాళ్ళూ నవ్వారు. మా మామ బల్ల మీదున్న ఖాళీ తూటాల అట్టపెట్టె తీసుకున్నాడు. బిల్లు కాగితం ఒకటి అడిగి రెండుగా చింపాడు. ఒకదాని మీద ఎల్జీ అని, ఒకదాని మీద బాల్ అని రాశాడు. “దేవుణ్ణి అడుగుదాం” అని అక్కడే నిలబడి తల వంచి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ ఇద్దరిలో ఒకాయన మర్యాదకు చెప్పులు విడిచాడు.

“మా దుకాణంలో లాటరీ ఎప్పుడూ ఆడలేదప్పా” అన్నాడు సాయిబు, ప్రార్థన అయ్యాక.

“లాటరీ కాదు. దేవుని చిత్తం.”

“అయితే సరే. ఆయనకి కోటా లేదు.”

మా మామ చీటీలు మడిచి, పెట్టెలో వేసి, బాగా ఊపి, నా ముందు పెట్టాడు. “తియ్యమ్మా.” నేను తీసి ఆయన చేతికే ఇచ్చాను. ఆయన విప్పి చదివాడు. పైకి చదవలేదు, కానీ మరిది ఆయన భుజం మీదుగా చూశాడు. “బాల్!” అన్నాడు, పరీక్ష పాసైన పిల్లవాడిలా.

మా మామ ఆ చీటీని వచ్చిన మడతల్లోనే మళ్ళీ మడిచాడు. పెట్టెలో వేశాడు. ఊపాడు. “ఇంకో తూరి” అని ఈసారి తనే తీశాడు. “ఎల్జీ. స్తోత్రం. ఎల్జీ ఇయ్యి భాయ్.”

సాయిబు అడిగాడు. “ముందు వచ్చింది ఎవురి చిత్తమప్పా?”

“నీకెందుకు? నువ్వు సరుకు ఇయ్యి.”

“నాయనా,” మరిది అన్నాడు, “ముందర బాల్ వచ్చె గదా.”

“మూసుకోరా. ఎలుగొడ్డు పేరు జెప్తే ఉచ్చ పోసుకుంటా ఉండావు. నీకు పెండ్లి గావల్నంట, పెండ్లి!”

దుకాణమంతా నవ్వింది. మరిదీ నవ్వాడు. నాకు మాట రాలేదు, నోటి నిండా దూది, నెత్తురు. తిరుగు బస్సులో అతను నా వెనక సీటులో కూర్చుని, మా మామ కునుకు తీసేదాకా ఆగి అడిగాడు. “ఒదినా, వాక్యం తెలిసినదానివి. ముందు వచ్చింది లెక్కా, రెండోది లెక్కా?” నేను ఒక వేలు చూపించాను. అతను తల ఊపాడు.

నోరు కాస్త తెరుచుకున్నాక ఇంట్లో మా మామతో అన్నాను. దేవుణ్ణి అడిగి, ఆయన చెప్పాక, నచ్చలేదని మళ్ళీ అడగడం ఆయన్ని శోధించడమే, పరీక్ష పెట్టడమే అవుతుందని. ఆయన కోప్పడలేదు. నవ్వాడు. “మీ నాయన అన్నం పెట్టకుండా నేర్పించింది ఇదేనా? ఆయన కూడు మిగిలించుకున్నాడు, నాకు నోటిదూల తగిలించినాడు.”

ప్రధానానికి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి. తోపులో మామిడి పక్వానికి వచ్చింది, పనసపండు వాసన ఇంటిదాకా కొడుతోంది. ఆ ఉదయం నేను పాలు పితుకుతున్నాను. అప్పుడే తెల్లవారుతోంది. మా మామ అరుగు మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. రాత్రి నుంచి మరిది మంచె మీద దుప్పి కోసం కాపు కాస్తున్న పొలం వైపు నుంచి తుపాకీ పేలింది. ఊపిరి తీసుకునేంతలో రెండోది.

“స్తోత్రం! పడింది!” మా మామ ప్రార్థన మధ్యలోనే లేచాడు. చూరులో దోపిన కత్తి తీశాడు, గోనెసంచి భుజాన వేసుకున్నాడు. “బేసిను తీసుకోని రామ్మా, పేగులు యాడబడితే ఆడ పారెయ్యకూడదు, కుక్కలు పట్టిస్తాయి.” పొలం దారంతా పాట పాడుకుంటూ నడిచాడు. నేను బేసిను పట్టుకుని వెనక నడిచాను.

మరిది పనసచెట్టుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో మొహాన్ని పట్టుకుని ఉన్నాడు, అది కిందికి జారిపోకుండా. వేళ్ళ సందుల్లోంచి కారి చొక్కా అంతా తడిసింది. ఎడమ కన్ను లేదు. ముక్కు సగం, పై పెదవి మొత్తం లేవు. తుపాకీ బోర్లా పడి ఉంది, దాని కర్ర మడమ మీద పళ్ళ గుర్తులు. గట్టు మీద ఎలుగు పిల్ల ఒకటి నిలబడి కీచుగా అరుస్తోంది. మమ్మల్ని చూసి అడవిలోకి పరిగెత్తింది. తల్లి అప్పటికే వెళ్ళిపోయింది, గడ్డి మీద నాలుగైదు నెత్తుటి చుక్కలు వదిలి. అతని దగ్గర ఉన్న రెండు తూటాలకు అది ఇచ్చింది అంతే.

మా మామ చుట్టూ చూశాడు.

“దుప్పి యాడరా?” అన్నాడు.

ఆయనకు ఇంకా అర్థం కాలేదని నేను మొదట్లో అనుకునేదాన్ని. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు. నేను చీర చెంగు చింపి కట్టాను. కట్టే కొద్దీ తడిసిపోయింది. మా మామ తుపాకీ, ఖాళీ తూటాల గొట్టాలు ఏరుకుని గోనెసంచిలో చుట్టుకుని ఇంటికి పరిగెత్తాడు. వాటిని దాచిపెట్టి వచ్చాకనే ఆటోకు ఫోను చేశాడు. అంతసేపూ మరిది నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్తూనే ఉన్నాడు. చెప్పేదానికి నోరు లేదు.

తర్వాత మరిది చెప్పగా తెలిసింది. వెలుతురు వచ్చింది కదా అని మంచె దిగాడు. చెట్టు వెనక అది పండు చీల్చుకుని తింటోంది. పిల్ల వీపు మీద ఉంది. ఇద్దరూ ఒకరినొకరు ఒకేసారి చూసుకున్నారు. మొదటి గొట్టం ఛాతీ మీద పేల్చాడు. అది ఒక్క క్షణం ఆగి, దుమ్ము దులుపుకున్నట్టు ఒళ్ళు విదిలించిందట. రెండోది అది నిలబడి మీదికి వచ్చేటప్పుడు పేల్చాడు.

తిరుపతి ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్నాం. తొడ చర్మం తీసి బుగ్గకు అతికించారు. దవడకు తీగలు కట్టారు. అడవి శాఖ వాళ్ళు వచ్చి అడిగితే, మోటారు ఆపడానికి పోయినవాణ్ణి ఎలుగు కొట్టిందని మా మామ రాయించాడు. దానికి కూడా ముందు ప్రార్థన చేశాడు, నేను విన్నాను. మా ఆయన వ్యాను పని చూసుకుని వారానికి ఒకసారి వచ్చి, మంచం పక్కన నిలబడి, కిందికి చూసి వెళ్ళిపోయేవాడు. గొట్టం పెట్టి గంజి పోసేది నేనే కాబట్టి మరిది మాట నాకు మెల్లగా తెలిసింది. పెదవులు కలిపి పలికే అక్షరాలేవీ అతనికి రావు. మిగతావి గాలిలాగా వస్తాయి. డాక్టర్లు కూడా నన్నే అడిగేవాళ్ళు, ఏమంటున్నాడమ్మా అని.

నగరి వాళ్ళు ఒకసారి వచ్చారు. పెళ్ళికూతురు రాలేదు. ఆమె నాయన, మేనమామ వచ్చారు, బ్రెడ్డు, ఆపిల్ పండ్లు తెచ్చారు, నమలలేనివాడికి. కట్టు మార్చే సమయం కాబట్టి మొహం మొత్తం కనపడుతోంది. మేనమామ ఒక్కసారి చూసి తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు. నాయన మాత్రం దగ్గరికి వచ్చి, ప్రార్థన చేస్తానన్నాడు. అందరం కళ్ళు మూసుకున్నాం. చాలాసేపు చేశాడు. డాక్టర్లను దీవించమన్నాడు, మందులను దీవించమన్నాడు. చివరకు గొంతు పెంచి, “ఈ సంబంధం నీ చిత్తం కాదని సకాలంలో మాకు బయలుపరచిన దేవా, నీకే స్తోత్రం” అన్నాడు.

ప్రార్థనకు ఎవరు అడ్డు చెప్తారు? మా మామ ఆమెన్ అన్నాడు. నేను కళ్ళు తెరిచేసరికి మరిది ఒంటి కన్నుతో పైకప్పు వంక చూస్తున్నాడు. పెళ్ళి తెగిపోయిన సంగతి అతనికి ఎవరూ వేరేగా చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇంటికి వచ్చాక మొదటి ఆదివారం అతను కూడికకు వస్తానన్నాడు. మొహం కింది సగం తువ్వాలు కట్టుకుని వచ్చాడు. ముందు వరుసలో, డోలక్ వాయించేటప్పుడు కూర్చునే చోటనే కూర్చున్నాడు. డోలక్ ఇంకొకరి ఒళ్ళో ఉంది. ఒక పిల్ల చూసి ఏడిస్తే తల్లి చెంగు కప్పి బయటికి ఎత్తుకెళ్ళింది.

దేవుడు చేసిన మేళ్ళు అందరికీ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో మా మామ లేచాడు. ఆయన మంచి మాటకారి. దుకాణం, చీటీ, ఎలుగు, ఆసుపత్రి, అన్నీ చెప్పాడు. మా వాళ్ళ మధ్య తుపాకీ సంగతి దాచేది ఏముంది? “చీటీలో దేవుడు ఎల్జీనే ఇచ్చినాడు. ఎలుగు ప్రాణం గూడా ఆయనదే గదా, దాన్ని సంపే తూటా ఆయన ఎందుకిస్తాడు? నా కొడుక్కి ఇశ్వాసం చాల్లేదు. నేను కొన్నరోజు నుంచి వాడిది సణుగుడే. ఇశ్వాసం లేని చేతిలో ఏ తూటా అయితే ఏముండాది? అయినా ప్రాణం ఒదిలిపెట్టినాడు దేవుడు. స్తోత్రం చెప్పండి.”

సంఘమంతా స్తోత్రం అంది. ఒకటికి మూడుసార్లు అంది.

మరిది లేచి నిలబడ్డాడు. తువ్వాలు విప్పాడు. మాట్లాడాడు. ఆ హాలులో ఆ మాటలు ఎవరికీ అర్థం కాలేదు, గాలి, ఉమ్మి తప్ప. రెండు మూడు గొంతులు దానికి కూడా స్తోత్రం అన్నాయి. పాస్టరు అయ్యగారు స్త్రీల చాపల వైపు తిరిగి నన్ను అడిగాడు. “ఏమంటా ఉండాడమ్మా?”

నేను లేచి, అతను చెప్పింది చెప్పినట్టే అప్పజెప్పాను. “ముందు తీసిన చీటీలో బాల్ వచ్చింది. తీసింది మా ఒదిన. నాయన దాన్ని మడిచి మళ్ళా పెట్టెలో ఏసి, తనకు కావాల్సింది తీసుకున్నాడు. నేను అడిగితే అందరి ముందర నవ్వించినాడు. ఇది నిజమని నాయనను చెప్పమనండి. నాకు ఇంకేమీ వద్దు.”

ఎవరో ముసలామె పాట ఎత్తుకుంది. అయ్యగారు చేత్తో ఆపాడు. కూడిక అయ్యాక పెద్దలనూ మమ్మల్నీ వెనక గదికి రమ్మన్నాడు.

ఆ గదిలో అయ్యగారు, మా మామ, ఇంకో ఇద్దరు పెద్దలు, మేమిద్దరం. ఆ ఇద్దరు పెద్దలూ మా ఇంటి దుప్పి తిన్నవాళ్ళే. అయ్యగారు సూటిగానే అడిగాడు. “రెండుసార్లు తీసిన మాట నిజమేనా?”

“నిజమే” అన్నాడు మా మామ. నేను ఆశ్చర్యపోయాను. మరిది తల ఎత్తాడు. “అయితే మొదటిది లెక్కలోకి రాదు అయ్యగారూ. నా కోడలు కండ్లు మూసుకోకుండా తీసింది. కండ్లు తెరిచి తీసింది చీటీ ఎట్లయితాది?”

దుకాణంలో ఆయన ఈ మాట అనలేదు. దారిలో అనలేదు, ఇంట్లో అనలేదు. ఆ గదిలోనే పుట్టింది.

అయ్యగారు నా వైపు తిరిగాడు. “మూసుకున్నావా అమ్మా?”

“కళ్ళు మూసుకుని తీయాలని వాక్యంలో ఎక్కడా లేదు అయ్యగారూ.”

“యాడుందో యాడలేదో నువ్వు మాకు నేర్పిచ్చొద్దులే” అన్నాడు పెద్దల్లో ఒకాయన. “మూసుకున్నావా, లేదా?”

అబద్ధం చెప్పి ఉంటే ఆ రోజు మరిది గెలిచేవాడు. అబద్ధమాడి సాధించే న్యాయం దేవునిది కాదు. ఈ రోజైనా నేను ఆ మాటే అంటాను.

“లేదు” అన్నాను.

“అయితే అయిపాయ!” ఆ పెద్దాయన తొడ మీద చరుచుకున్నాడు. “తీసింది ఒక్కసారే. ఎల్జీనే దేవుని చిత్తం.” అయ్యగారితో కలిపి ముగ్గురి మొహాల్లోనూ ఒక్కసారిగా వెలుగు వచ్చింది, బరువు దించుకున్న కూలీల్లా. రెండో పెద్దాయన గొంతు సవరించుకుని, పిల్లలు జడుసుకుంటున్నారు కాబట్టి వచ్చే ఆదివారం నుంచి అబ్బాయి వెనక, ఆడవాళ్ళ తలుపు పక్కన కూర్చుంటే బాగుంటుందన్నాడు. సాక్ష్యం చెప్పాలనుకుంటే ముందుగా పెద్దలకు తెలియజేయాలని కూడా అన్నాడు. మా మామ కొడుకు భుజం తట్టాడు. “క్షమించినాను పోరా” అన్నాడు.

మరిది నవ్వాడు. ఆ మొహంతో నవ్వడం నేను చూసింది అదే మొదలు. చూడగలిగే నవ్వు కాదు. నా వైపు తిరిగి ఒక మాట అన్నాడు. అయ్యగారు అప్పటికే ముగింపు ప్రార్థనకు చేతులెత్తాడు. అదేం మాట అని నన్నెవరూ అడగలేదు.

“ఎలుగొడ్డే మేలు ఒదినా. పీకాల్సింది పీకి, దాని దావన అది పోయింది.”

ప్రార్థన సగంలో ఉండగానే అతను బయటికి నడిచాడు. నేనూ నడిచాను. దేవుని పేరు మీద జరిగే ప్రార్థన మధ్యలో లేచి రావడం నా జీవితంలో ఎప్పుడూ లేదు. ఇంటికి వచ్చి అన్నం రసంలో మెత్తగా పిసికి, గిన్నెలో పెట్టి ఇచ్చాను. అతను చెంచాతో తింటున్నాడు. సగం లోపలికి పోతోంది, సగం గడ్డం మీదుగా కారుతోంది. మా మామ వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ గడపలో నిలబడి కొడుకు వంక చూశాడు.

“ప్రార్థన చేసుకోకుండానే తింటా ఉండావే” అన్నాడు.

మరిది చెంచా కింద పెట్టలేదు.